పెంకుల మీద వేసిన పన్ను

జాకెట్టుకు ఆఖరి హుక్కు కుట్టి, యాకోబు దారాన్ని పెదవుల దాకా తెచ్చాడు.

"ఏవండీ!" గుమ్మంలో చేపలు తోముతున్న భార్య దానమ్మ తలెత్తకుండానే అంది.

"ఆయ్, మర్చిపోయేనే." మిషను బల్లకు ఆమె నాడాతో కట్టిన చిన్న కత్తెరను అందుకున్నాడు.

కొత్తపేట బస్టాండు వెనక సందులో, ఆ అరుగు మీద కుట్టిన బట్టలన్నిటికీ దారం తెంపింది ఆయన ముందు పళ్లే. సన్నటి మనిషి. మెడలో టేపు, జేబు అంచుకు గుచ్చిన సూదులు. పేరున్న దర్జీ కాదు. జాకెట్టు వదులు చేయించుకోవడానికీ, బడిపిల్లల నిక్కర్లకూ వచ్చేవాళ్లే ఎక్కువ. నిక్కరు అంచు లోపల రెండు వేళ్ల గుడ్డ అదనంగా మడిచి ఉంచేవాడు, పిల్లలు ఎదుగుతారని.

చిగుళ్ల జబ్బుతో ముందు పళ్లు నాలుగూ కదిలిపోయాయి. లోపల ఎముక కరిగిందనీ, తీసేసి కట్టుడుపళ్లు పెట్టుకోమనీ అందరూ అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. పెళ్లిచూపుల నాడు దానమ్మ ఆ నవ్వు చూసే సరేనందట. అమలాపురంలో ఒక దంతాసుపత్రి వాళ్లు మూలకణాలతో చిగుళ్లు బాగుచేసే పరిశోధన చేస్తున్నారని తెలిసి పేరిచ్చాడు. జ్ఞానదంతం పీకగానే నర్సు శారోన్ ముందు చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వమ్మా. పెంకుల మీద వేసుకుంటే కొత్తది మొలుస్తుంది."

"పాలపన్నేటండీ ఇది? దీన్లో మూలకణాలు తీసి, ల్యాబులో పెంచి, మీ చిగుట్లోనే పెడతామండీ. కరిగిన ఎముక రావచ్చు, రాకపోనూ వచ్చు."

"అయితే మీరూ పెంకుల మీద వేస్తున్నట్టే కదమ్మా!"

ఆ కణాలు చిగుట్లో పెట్టి నెలలయింది. ఎముక వచ్చిందో రాలేదో తేలేది ఇవాళే. మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లాడు. ఎక్స్‌రేలో నిరుడు నల్లగా కనబడ్డ గుంటలు తెల్లగా పూడుకొస్తున్నాయి. డాక్టరమ్మ పంటిని వేలితో కదిపి చూసింది. కదల్లేదు.

"జామకాయ కొరకచ్చాండీ?"

"మెత్తగా పండింది కొరకండి. దారం మాత్రం వద్దు."

"దానికి మా ఆవిడ కత్తెరని కాపలా పెట్టిందండీ."

వస్తూ వస్తూ మార్కెట్లో ఒకటే ఒక జామపండు ఏరి తెచ్చాడు. దానమ్మ అలవాటుగా కత్తిపీట లాగింది.

"ముక్కలొద్దే," అని నోరు తెరిచి పళ్లు చూపించాడు.

ఆమె కత్తిపీట పక్కకు జరిపింది. "ముసలోడికి సోకులు చూడు! పెళ్లికొడుకనుకుంటున్నారేటి?" అని కళ్లు తుడుచుకుంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

టీ తెచ్చేసరికి యాకోబు మిషను మీద తల వాల్చి ఉన్నాడు. బస్సు బడలికనుకుంది. గ్లాసు పక్కన పెట్టి పిలిచింది. భుజం మీద చెయ్యి వేసి మళ్లీ పిలిచింది. మొహంలో ఎక్కడా నొప్పి లేదు. కునుకులోనే వెళ్లిపోయాడు.

నాడాకు కత్తెర వేలాడుతోంది. చేతి పక్కన జామపండు. దాని మీద, ఆయన చేతికుట్టంత వరుసగా, నాలుగు పళ్ల గాట్లు.