గోదావరి గట్టున క్రిస్మస్ చెట్లు

బుధవారం వచ్చిందంటే కమలకుమారి పొద్దున్నే జడ బిగించుకుని, స్వెట్టరు మీద కోటు, కోటు మీద శాలువా వేసుకుని, ఏనుగు పాదాల్లాంటి మంచు బూట్లు తొడుక్కుని గుమ్మంలో కూర్చుంటుంది. పక్కవీధిలో ఉండే తెలుగావిడ ఝాన్సీలక్ష్మి కారు వచ్చి ఆగాలి, ఈవిడ వెళ్ళి ఎక్కాలి. కెనడాలోని ఆ కాల్గరీలో రోడ్ల మీద ఎంత మంచు ఉన్నా ఆ ప్రయాణం ఆగదు. ఇద్దరూ కమ్యూనిటీ హాలుకి వెళ్ళి కార్డులు చేస్తారు. పుట్టినరోజు కార్డులు, పెళ్ళిరోజు కార్డులు, ఒంట్లో బాగాలేని వాళ్ళకి పంపే కార్డులు.

"కొట్లో దొరికేదానికి ఇంత అవస్థ ఏమిటమ్మా?" అని కూతురు రూప మొదట్లో నవ్వింది.

"కొట్లో అప్పడాలు దొరకవా? మరి మీ నాయనమ్మ ఎండలో కూర్చుని ఎందుకు వత్తేదే?" అని తల్లి అడిగింది.

హాల్లో ఆ బల్లకి పెద్దదిక్కు డోరతీ. జొన్నచొప్పలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. భర్త పోయాక ఒంటరి కాపురం. నీటి రంగుల్లో ఆవిడంత నేర్పరి ఆ చుట్టుపక్కల లేదంటారు. అయితే ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. అందుకని సన్న గీతలు గీయాల్సిన చోట అచ్చులతో సరిపెట్టేస్తుంది. చెట్టుకో అచ్చు, పువ్వుకో అచ్చు, ఇంటికో అచ్చు. వాటన్నిటినీ ఒక బిస్కట్ల డబ్బాలో పెట్టుకుని తిరుగుతుంది.

కమలకుమారికి ఇంగ్లీషు రాదు. చదివింది మూడో తరగతి. డోరతీకి తెలుగు అనే భాష ఒకటుందని కూడా ఝాన్సీ చెబితేనే తెలిసింది. అయినా పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. ముందు కాగితాన్ని నీళ్ళతో తడపాలి, తడి మీద రంగు తాకించాలి, తాకించి వదిలేయాలి. రంగు తనంతట తానే పాకుతుంది. దాని వెంట కుంచె పట్టుకుని పరిగెత్తకూడదు. కమలకుమారి పరిగెత్తినప్పుడల్లా డోరతీ ఆవిడ చేతి మీద ఒకటి వేసేది. తడి రంగు మీద డోరతీ చిటికెడు ఉప్పు చల్లిన రోజున, "ఈవిడేమిటే, ఆకాశానికి దిష్టి తీస్తోంది!" అని కమలకుమారి గట్టిగానే అనేసింది. ఉప్పు రంగుని తాగి, ఆరాక ఆకాశమంతా చుక్కలు చుక్కలుగా విచ్చుకుంటే నోరెళ్ళబెట్టింది.

ఇటునుంచి కూడా ఒక సాయం ఉండేది. కాగితం ముడతలు పడకుండా చుట్టూ టేపు అంటించి రంగు వేస్తారు. ఆరాక ఆ టేపుని చిరక్కుండా ఒలవాలి. డోరతీ వణికే వేళ్ళకి అది రాదు. కమలకుమారి అరటిపువ్వు దొప్పలు ఒలిచినట్టు ఒలిచి ఇచ్చేది. చుట్టూ తెల్లటి అంచు తేలేది. "థాంక్యూ, కమలా" అనేది డోరతీ. అదీ వాళ్ళ స్నేహం.

ఫిబ్రవరిలో కొవ్వూరు నుంచి ఫోను వచ్చింది. అన్నగారు విశ్వేశ్వరరావు పోయాడు. మోకాళ్ళ నొప్పులతో కమలకుమారి విమానం ఎక్కే స్థితిలో లేదు. జరగాల్సినవన్నీ ఫోన్లోనే చూసింది. బుధవారాలు మానేసింది.

హాల్లో ఝాన్సీ చెబితే అందరూ అయ్యో అనుకున్నారు. డోరతీ ఒక్కతే, "ఆ అన్న ఎలాంటి మనిషి?" అని అడిగింది. కారులో వందసార్లు విన్న కథే కాబట్టి ఝాన్సీ అదే చెప్పింది. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ళిద్దరూ ఎవరిదో పడవ విప్పుకుని గోదావరిలోకి వెళ్ళారు. పడవ ఇసుక మేట మీద కూరుకుపోయింది. సాయంత్రం దాకా దాని మీదే కూర్చుని తెచ్చుకున్న జామకాయలన్నీ తినేశారు. ఒడ్డుకొచ్చాక తండ్రి బెత్తం తీస్తే, అన్న చెల్లెలి వంతు కూడా తానే తిన్నాడు.

డోరతీ ఆ పడవని కార్డు మీద వేసింది. వేసి, ఒక మధ్యాహ్నం తానే కారు నడుపుకుంటూ పట్టుకొచ్చింది.

ఇంట్లో రూపా లేదు, అల్లుడూ లేడు. కమలకుమారి తలుపు తీసింది. మంచులో డోరతీ, చేతిలో కవరు. ఏదో నాలుగు మాటలు చెప్పింది. అర్థం కాలేదు గానీ ఎందుకొచ్చిందో అర్థమైంది. పరామర్శకి వచ్చిన మనిషిని ఎవరూ "రండి" అనరు. కమలకుమారి కూడా అనలేదు. వెళ్ళేవాళ్ళూ "వెళ్ళొస్తాం" అనరు. డోరతీ కూడా ఏమీ అనకుండా తిరిగింది. పాపం, ఈవిడకి కూడా పద్ధతి తెలుసే అనుకుంది కమలకుమారి.

అక్కడే, గుమ్మం బయటే నిలబడి కవరు విప్పింది. కార్డు చూసింది. చూస్తూ నిలబడిపోయింది, చలి కూడా తెలియలేదు. తర్వాత, తల్లి చేస్తుండగా చూసినట్టు, అత్తగారు చేస్తుండగా చూసినట్టు, కార్డుని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపింది. చావు కబురు మోసుకొచ్చిన కాగితం గడప దాటకూడదు. చూడాలి, చింపాలి, కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలి. అది పోయినవాళ్ళకి చేసే మర్యాద, ఉన్నవాళ్ళకి చేసే మేలు.

తలెత్తి చూస్తే డోరతీ ఇంకా వెళ్ళలేదు. కారు అద్దం మీద మంచు గోకుతూ, గోకడం ఆపి ఇటే చూస్తోంది. కమలకుమారికి మనసు నిండిపోయింది. ముక్కలు చేతుల మధ్య ఉండగానే రెండు చేతులూ జోడించి ఆవిడకి దణ్ణం పెట్టింది. ఆ పైన ముక్కల్ని బయట కాగితాల చెత్త వేసే నీలం డబ్బాలో వేసి, లోపలికి వెళ్ళి స్నానం చేసింది.

మళ్ళీ బుధవారానికి వెళ్తే, డోరతీ పక్క కుర్చీలో డోరతీ సంచీ కూర్చుని ఉంది.

కమలకుమారి నిలబడింది. సంచీ లేవలేదు. డోరతీ తలెత్తి "హలో, కమలా" అంది, మళ్ళీ కుంచె మీదికి వంగింది. కమలకుమారి బల్ల చివర కూర్చుని, అచ్చు ఇంకులో ముంచి వేస్తే గులాబీ రెండుగా పడింది. ఆ రోజు డోరతీ తన టేపు తానే ఒలుచుకుంది. మూల చిరిగింది. చిరిగిన కాగితాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది.

తిరుగు దారిలో అడిగింది. "నేనేం చేశానే ఆవిడకి?"

ఝాన్సీ సిగ్నలు దగ్గర కారు ఆపింది. "నువ్వేం చేసినవో నీకు తెల్వదా అక్కా? ఆమె ముంగటనే కార్డు చింపి పారేసినవంట. చింపి, పైకెంచి దండం గూడ పెట్టినవంట, ఇగ చాలు తల్లీ పో అన్నట్టు!"

"ఓసి నీ మొహం ఈడ్చ! చావు కాగితం చింపక ఫ్రేము కట్టించుకుంటారా?"

"ఈళ్ళు కట్టిచ్చుకుంటరు. వరసగ పెట్టుకుంటరు ముందర్రూంల చలిమంట పొయ్యి మీది అరుగు మీద."

"చావు కబురుని?"

"అది కబురు కాదక్కా. కబురు నీకు ఇండియా నుంచి ముందే వచ్చె. ఇది పరామర్శ. వీళ్ళు వచ్చి పక్కన కూసొని ఏడ్వరు గదా, ఆ ఏడుపంతా కార్డు మీద ఏస్తరు."

ఆకుపచ్చ దీపం వెలిగినా ఝాన్సీ కదల్లేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

మరుసటి బుధవారం ఝాన్సీని వెంటపెట్టుకుని డోరతీ ముందుకు వెళ్ళింది. అమ్మ గురించి, అత్తగారి గురించి, గడప గురించి, మైల గురించి, అన్న తిన్న దెబ్బల గురించి ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఝాన్సీ అంతా విని, "సారీ, షీ సేస్, ఇట్స్ కల్చర్" అంది.

"అంతేనా! నేను రామాయణం చెబితే నువ్వు కట్టె కొట్టె అంటావా?"

"నీ గడపని ఇంగ్లీష్ల ఎట్ల చెప్పాలక్కా నేను!"

డోరతీ నవ్వింది. "ఇట్స్ ఫైన్, కమలా" అంది. సంచీ మాత్రం లేవలేదు. ఈ దేశంలో ఫైన్ అంటే ఏమిటో కమలకుమారికి ఇన్నేళ్ళలో తెలిసింది. జ్వరంతో వణికేవాళ్ళూ ఫైనే అంటారు.

ఝాన్సీ కాసేపు అటు నిలబడి డోరతీతో మాట్లాడి వచ్చింది. "కోపం లేదంట అక్కా. చింపితే చింపె, మీ పద్ధతి గావచ్చంటుంది. గని ఇట్ల తెరిచి అట్ల చింపినట్టు కనవడ్డదంట. చెయ్యి వణుకుతుంటె వారం రోజులు ఏసినదాన్ని చూడనన్న చూడలేదు, అదే బాధ అంటుంది."

"చూడలేదా?" అంది కమలకుమారి. "నేను చూడలేదా!"

ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ అంచు చీర కట్టారో, ఏ బంతిలో ఏ కూర తక్కువైందో యాభై ఏళ్ళ తర్వాత కూడా చెప్పగల మనిషిని పట్టుకుని చూడలేదనడమా?

ఇంటికి రాగానే వంటింటి బల్ల మీద కాగితం పరిచి, చుట్టూ టేపు అంటించింది. నీలం డబ్బాలో వెతికేందుకు ఏమీ మిగల్లేదు, చెత్తబండి వచ్చి ఎప్పుడో పట్టుకుపోయింది. వెతకాల్సిన అవసరమూ లేదు. కాగితం తడిపి నీలం తాకించింది. ఎడమ పక్క ఎక్కువ, కుడి పక్క పల్చన. ఈసారి రంగు వెంట పరిగెత్తలేదు. చిటికెడు ఉప్పు చల్లి ఆగింది.

సాయంత్రం రూప వచ్చి భుజం మీంచి చూసింది. "ఇదేం పడవమ్మా? రెండు కొసలూ పైకి లేచి ఉన్నాయి. ఇక్కడి వాళ్ళు తెడ్డేసుకుని తిరిగే కెనూలా ఉంది. గోదావరిలో కెనూలు ఎక్కడివి?"

"ఆవిడ అదే వేసింది."

"గట్టు మీద ఈ క్రిస్మస్ చెట్లేమిటి మరి?"

"ఆవిడ దగ్గర కొబ్బరిచెట్టు అచ్చు లేదు కదే, ఉన్న అచ్చు వేసింది. అచ్చు నా దగ్గర లేదు, నేను పెన్నుతో గీస్తున్నాను. కదలకు, చెయ్యి అదురుతుంది."

బుధవారం హాల్లో అందరూ సర్దుకుని కూర్చున్నాక, కమలకుమారి ఆ కాగితం తీసి డోరతీ ముందు పెట్టింది. ఈసారి ఒక్క మాట కూడా చెప్పలేదు.

డోరతీ ముందు కళ్ళజోడు లేకుండా చూసింది. తర్వాత పెట్టుకుని చూసింది. గోదావరిలో కెనూ ఉంది. డోరతీ వేసినప్పుడు గట్టున చివరి చెట్టు అచ్చు జారి సగమే పడింది, ఇక్కడా సగమే ఉంది. పడవలో అన్నా చెల్లెలూ ఉన్నారు. అన్న టోపీ ఎర్రగా ఉంది, ఆవిడెందుకు పెట్టిందో ఆవిడకే తెలియాలి. ఆకాశంలో ఒక మూల, ఆ రోజు వణికిన కుంచె నుంచి రంగు చుక్క రాలిపడింది. దాన్ని దాచడానికి డోరతీ రెండు రెక్కలు గీసి పిట్టని చేసింది. ఒక రెక్క పొడుగైంది. ఇక్కడా ఒక రెక్క పొడుగే.

డోరతీ ఆ రెక్క మీద వేలు పెట్టి కొస దాకా నడిపింది. తర్వాత పక్కకి తిరిగి, సంచీ తీసి నేల మీద పెట్టింది.

కమలకుమారి కూర్చుంది. కూర్చుని, చూపించడం అయిపోయింది కదా అని, కార్డు అందుకుని చింపబోయింది. వేసినది తన చేత్తోనే అయినా అది అన్న పోయిన కాగితమే. దాన్ని ఇంకొకళ్ళ ఇంటికి పంపుతామా?

"నో, నో, నో!" డోరతీ ఆవిడ చేతి మీద ఒకటి వేసింది, రంగు వెంట పరిగెత్తినప్పుడు వేసేదే. కార్డు లాక్కుని సంచీలో పెట్టేసుకుంది.

"అయ్యో, ఇంటికి తీసుకెళ్తుందే ఝాన్సీ! మంచిది కాదని చెప్పవే."

"అది నేను చెప్పనక్కా" అంది ఝాన్సీ. "మీరు మీరు చూసుకోండి."

డోరతీ ఒక తెల్ల కాగితం, పెన్ను ముందుకు తోసి, కెనూని చూపించి తల అడ్డంగా ఊపింది. అసలు పడవ ఎలా ఉంటుంది మరి? కమలకుమారి పెన్ను అందుకుంది. ముగ్గు వేసినట్టు, చెయ్యి ఎత్తకుండా, నాటుపడవ గీసి చూపించింది. డోరతీ టేపు కోసం చెయ్యి చాపింది.

ఆ కెనూ కార్డు ఇప్పటికీ డోరతీ ఇంట్లో, ముందుగది కిటికీ అరుగు మీద ఉంది. నీలం కొంచెం వెలిసింది. కమలకుమారి అక్కడికి టీకి వెళ్తూనే ఉంటుంది. వెళ్ళినప్పుడల్లా కిటికీకి వీపు పెట్టి కూర్చుంటుంది. ఆవిడ వచ్చే రోజున డోరతీ కుర్చీని ముందే అలా తిప్పి ఉంచుతుంది. టీ తాగుతూ కమలకుమారి ఎప్పుడైనా ఒకసారి మెడ వెనక్కి తిప్పి చూస్తే, డోరతీ చూడనట్టు ఊరుకుంటుంది.