తలూపని దొర

ట్రాన్‌గేట్ వీధిలోని ఆ రాతి బాట పొగాకు దొరల సొత్తు. ఎర్ర అంగీ, బంగారు పిడి చేతికర్ర ఉన్నవాడే దానిమీద నడవాలి. తక్కిన గ్లాస్గో జనమంతా పక్కన బురదలో నిలబడి, దొర తలూపితే తప్ప నోరు విప్పకూడదు. ఈ చోద్యం ఎవడు మొదలుపెట్టాడో గానీ, గావిన్ లారిమర్‌కు మాత్రం అదంటే ప్రాణం.

ఆ అంగీకే ఇప్పుడు గండం వచ్చింది. వర్జీనియా నుంచి పొగాకు పీపాలతో వస్తున్న అతని ఓడ ఐర్లండ్ దగ్గర మునిగింది. కెప్టెన్ వెన్న కొనడానికి దారి తప్పించాడని బీమావాళ్లు పేచీ పెట్టారు. శుక్రవారం పన్నెండు గంటలు కొట్టేలోగా యజమాని స్వయంగా బీమా సొమ్ము నోటితో అడగాలి, లేకపోతే బీమా పత్రం చెల్లదు. అది చెల్లకపోతే దివాలా. దివాలా తీసినవాడికి అంగీ ఎక్కడిది?

"వెళ్లి ఆ బీమా గుమాస్తాను ఓ మాట అడగండి. నోటి ముత్యాలు రాలిపోతాయా?" అంది భార్య ఎల్స్పెత్, శుక్రవారం పొద్దున్నే.

"నేను ముందు పలకరిస్తే లారిమర్ పని అయిపోయిందని ఊరంతా కోడై కూస్తుంది. వాడే పలకరించాలి."

"మీరు తలూపందే వాడెలా పలకరిస్తాడండీ?"

"అది వాడి తిప్పలు."

ఆ బీమా గుమాస్తా టోష్ అప్పటికే బాట పక్కన వానలో నిలబడి ఉన్నాడు. ఏదో కాగితం తడవకుండా టోపీలో దాచుకున్నాడు. లారిమర్ అతని ముందునుంచి ఇరవైసార్లు అటూ ఇటూ నడిచాడు. దగ్గాడు. "ఓడలకు ఇది మంచి వాన కాదు" అని తన చేతికర్రతో మాట్లాడుతున్నట్టు గట్టిగా అన్నాడు. టోష్ పక్కనున్న బండి గుర్రం వైపు తిరిగి, "ఎవరైనా ఒక్కసారి తలూపితే బాగుండును కదే?" అన్నాడు. గుర్రం తలూపింది. ఏం లాభం, అది దొర కాదాయె.

గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. అయిదో దెబ్బకు లారిమర్ మెడ ఒక్క అంగుళం వంగింది. సరిగ్గా అప్పుడే తోటి పొగాకు వర్తకుడు బుకన్ దొర ఎదురొచ్చాడు. లారిమర్ విగ్గు సర్దుకుంటున్నట్టు నటించి మెడ నిలబెట్టాడు. పన్నెండూ కొట్టేసింది.

లారిమర్ అంగీ విప్పి మడిచి చంకలో పెట్టుకుని బురదలోకి దిగాడు. ఏడుపొచ్చింది.

"ఏముందయ్యా ఆ టోపీలో?"

"బీమావాళ్లు ఒప్పుకున్నారండీ. మీరు అడగ్గానే మొత్తం ఇచ్చేయమన్నారు. ఎనిమిదింటినుంచీ నిలబడ్డాను."

"ఆ మాట చెప్పి చావొచ్చుగా!"

"ఎలా చెప్పనండీ? మీరు ఎర్ర అంగీలో ఉంటిరి."

బుకన్ దొర మళ్లీ అటే వచ్చాడు. నిన్న రాత్రి లారిమర్ ఇంట్లోనే భోంచేసిన మనిషి. లారిమర్ టోపీ తీసి, ఆశగా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. బుకన్ అతని నెత్తిమీదుగా ఎటో చూసుకుంటూ వెళ్లిపోయాడు.

"కొత్తలో అలాగే ఉంటుందండీ, రేపు కాస్త ముందుకొచ్చి నిలబడండి" అన్నాడు టోష్, పక్కకు జరిగి చోటిస్తూ.