మంచుదిమ్మ మీద లెక్క

ఈ సంగతి మొదట చెప్పింది భీమవరం అవతల మా ఊరి హైస్కూల్లో గదులూడ్చే ఏసమ్మ. హెడ్మాస్టరు సుధాకర్ గారు చెప్పుకుని తిరిగేది వేరు. అది నమ్మేవాళ్లు ఇది వినక్కర్లేదు.

లెక్కల టీచరు ప్రసన్నకుమారి రోజూ కంప్యూటర్ గదిలోకొచ్చి కుర్చీలో కూలబడేది. పదో తరగతి పిల్లలందరి తెరలూ ఆవిడ తెర మీద చిన్నచిన్న గళ్లుగా కనబడతాయి, కింద పేరుతో సహా. పాఠం వదిలి ఎవడేం చూస్తున్నాడో కూర్చున్నచోటే తెలుస్తుంది. తెలిశాక అరవాలి. అరిచే ఓపిక ఆవిడకి ఎప్పుడో పోయింది. మీట నొక్కి వాడి తెర ఆపేస్తుంది, అంతే.

"టీచర్, నాది ఆగిపోయిందండీ!"

"నేనే ఆపానురా వీరబాబూ. ఆ సిక్సరేదో ఇంటికెళ్లి కొట్టుకో."

ఆ క్లాసులోని దేవిశ్రీ బడి మానేశాక కూడా ఆ పిల్ల గడి ఆరలేదు. అందులో మంచు, మంచు మీద రొయ్యలు, వాటిని ఒలుస్తున్న రెండు చేతులు. వాళ్లమ్మ మహాలక్ష్మమ్మ చెయ్యి చీముపట్టి మంచాన పడితే, ఆవిడ బదులు పిల్ల రొయ్యల షెడ్డుకి పోతోంది. గదిలో ఎవరూ వింతపడలేదు.

వీరబాబు తొంగిచూసి, "ఇవాళ టైగరు రొయ్య కాదండీ, వనామీ" అన్నాడు.

హెడ్మాస్టరు మాత్రం, "రాని పిల్లకి గడెందుకండీ? తీసేయండి. నెలాఖరుకి పేరూ కొట్టేస్తాను. ఇక పరీక్షా లేదు, ఏమీ లేదు" అన్నాడు.

"అలాగేనండి" అందావిడ. ఎదురు చెప్పే ఓపికా లేదు.

తీసేద్దామని గడి పెద్దది చేసింది. మంచుదిమ్మ మీద వేలితో గీసిన త్రిభుజం. మానేసిన రోజు సగంలో ఆగిన లెక్క. పిల్ల ఒకచోట తప్పు కూడి, అక్కడే తిప్పలు పడుతోంది.

ప్రసన్నకుమారి నిట్టూర్చింది. తీసేసే మీట వదిలి, తన తెర పిల్లలందరికీ చూపించే మీట నొక్కింది. లెక్క మొదట్నించీ చేసింది. అక్కడ షెడ్డులో, మంచుదిమ్మలో, అది అక్షరమక్షరం తేలింది.

"కరిగేలోపు చూసుకోవే. నీ గంప మేం ఒలుస్తాంలే" అని పక్కనున్న ఆడవాళ్లు జరిగి చోటిచ్చారట.

ఆ రోజునించి దేవిశ్రీకి ఏ పాఠమూ తప్పలేదు. హెడ్మాస్టరు ఎప్పుడడిగినా, "ఈ పాఠం అవనివ్వండి, తీసేస్తాను" అనేది ఆవిడ.

నెలాఖరుకి ఆయన రిజిస్టరూ పెన్నూ పట్టుకుని గదిలోకొచ్చాడు. పాఠం నడుస్తోంది.

"భుజాలు అయిదు, పన్నెండు. కర్ణం ఎంత?"

గదిలో పిల్లలింకా కాగితం మీద గీస్తున్నారు. దేవిశ్రీ గడిలో తడిచెయ్యి లేచింది, వేళ్లకి రొయ్యపొట్టుతో.

ఇన్నేళ్ల అలవాటు కదా, ఆయన నోరు ఊరుకోలేదు. "చెప్పమ్మా" అన్నాడు.

మంచు మీద పదమూడు పడింది.

"కరెక్ట్. కూర్చో."

కూర్చోమన్న పిల్ల పేరు కొట్టేయడం ఎలా? ఆయన పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ప్రసన్నకుమారి కళ్లు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలింది.

దేవిశ్రీ పరీక్ష రాసింది. ఇప్పుడు పాలకొల్లులో ఇంటర్ చదువుతోంది. కంప్యూటర్లో తను గట్టి నిఘా పెట్టబట్టే పిల్ల దారికొచ్చిందని ఆయన వార్షికోత్సవంలో మైకు పట్టుకుని చెప్పాడు. టీచరు పేరెత్తలేదు.

అది ఆయన ఖర్మ. కానీ రిజిస్టరులో ఆ నెలంతా పిల్ల పేరు ఎదురుగా రాలేదనే ఉంది. అది ఎవరి చేతిలో ఉందో వారు దయచేసి దిద్దండి. ఆ పిల్ల క్లాసులోనే ఉంది.