సర్దుకుపోయే చేతులు

తిరుపతిలో పాశ్చాత్య సంగీతం పాడేవాళ్ళు ఎందరుంటారని అడిగితే నవ్వొస్తుంది గానీ, ఆ కాసిని గొంతులకూ పియానో పక్కవాద్యం కావాలంటే ముజఫర్ తప్ప దిక్కు లేదు. చిత్తూరులో హార్మోనియంలు బాగుచేసే ఇమాంసాహెబ్ కొడుకు. కుర్రతనంలో మద్రాసు వెళ్ళి పియానో నేర్చుకున్నాడు. పెద్ద పెద్ద కచేరీలు చెయ్యాలని కలలు కన్నాడు. కలలకేం కరువు! పిలుపులు మాత్రం పాడేవాళ్ళ పక్కన కూర్చోవడానికే వచ్చాయి. ముజఫర్ పక్కనుంటే ఎవరి తప్పూ బయటపడదు మరి. వాళ్ళు తొందరపడితే తానూ తొందరపడతాడు, ఊపిరందక ఆగితే తానూ ఆగుతాడు, ఒక చరణం మింగేస్తే తానూ మింగేస్తాడు. వినేవాళ్ళకు రవ్వంత అనుమానం రాదు.

"పాడేవాళ్ళకు దగ్గొస్తే నువ్వు గూడా దగ్గుతావేమో," అని భార్య రిహానా ఎగతాళి చేసేది. అదేదో బిరుదైనట్టు ముజఫర్ మురిసిపోయేవాడు.

పాకాల పిల్ల లోహిత బడి చదువు నాటి నుంచీ రైలెక్కి వచ్చి ఆయన దగ్గరే సాధన చేసేది. గొంతు బంగారం. తాళం మాత్రం నిలిచేది కాదు. స్వరాన్ని చాచి పాడాక కాస్త ఆగాలా, ఆగదు, తరవాతి మాటకు దూకేస్తుంది. మొదట్లో ఒకసారి చెప్పిచూశాడు. పిల్ల అలిగి ముఖం ముడుచుకుంది. పోనీలే, నేనున్నాను గదా అని, ఆమెతోపాటే దూకడం మొదలుపెట్టాడు. కొంప ముంచింది ఆ పోనీలేనే.

చెన్నైలో ఒక సంగీత కళాశాల ప్రవేశ పరీక్షకు ఆమెను పిలిచింది. లోహితకు అంతకంటే పెద్ద కోరిక లేదు. తీరా వెళ్తే, పియానో వాళ్ళ మనిషే వాయిస్తుందట, బయటివాళ్ళైతే కుదరదట. ముజఫర్ వరండాలో కూర్చుని చెవులు రిక్కించాడు.

మొదటి ఆగే చోటు వచ్చింది. లోహిత దూకింది. లోపలి పియానో దూకలేదు. రాసింది రాసినట్టు నడుచుకుంటూ పోయింది. అయ్యో, అందుకో తల్లీ, పిల్లను అందుకో! ఇక్కడ ముజఫర్ వేళ్ళు మోకాళ్ళ మీద పరుగులు తీశాయి. ఎవరికి పనికొస్తాయి? పాట సగంలో తెగిపోయింది.

లోహిత ముఖం తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"వచ్చే వారం ఇంకోసారి పాడమన్నారు సార్. అదే ఆఖరంట. లోపలుండే ఆమె ఏమనిందో తెలుసా? ఇన్నాళ్ళూ నీకు బాగా సర్దుకుపోయే పియానిస్టు దొరికినట్టుండాడు అనింది."

ముజఫర్‌కు తల కొట్టేసినట్టయింది.

"అంటే నేను రోజూ అట్లనే తప్పుతా ఉన్నానా సార్?"

ఆయన తలొంచుకున్నాడు. తిరుగు రైల్లో రేణిగుంట వచ్చేదాకా ఆ పిల్ల పాట కాగితాలే తిరగేస్తూ కూర్చుంది.

మర్నాడు సాధనకు వచ్చి నిలబడి, "ఈ పొద్దు నా యెంట రావద్దండి సార్. నేను తప్పినా మీరు రాసినట్టే వాయించండి," అంది.

"అట్లేమ్మా."

ఆమె దూకింది. ఆయనా దూకాడు. ఛీ, అని మళ్ళీ మొదలుపెట్టాడు. పళ్ళు బిగబట్టి, కాగితం మీదే కళ్ళు నిలిపి వాయించాడు. మళ్ళీ అంతే. చేతులు ఆయనవే గాని మాట ఆమెదే వింటున్నాయి. మూడోసారి లోహిత చరణం మధ్యలో టక్కున ఆపేసింది. పియానో కూడా ఆగిపోయింది.

"నేను కావాలనే ఆపినాను సార్. మీరెందుకు ఆపినారు?"

ముజఫర్‌కు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ విద్య పిల్లకు పనికిరాకపోగా గొయ్యి తవ్వింది. "ఇంక ఈడికి రావద్దమ్మా. ఫోన్లో తాళం కొట్టేది పెట్టుకొని ఇంట్లోనే పాడుకో," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ప్రాణం ఎంత గిలగిల్లాడిందో రిహానాకే తెలుసు.

వారం తిరగ్గానే ఫోనొచ్చింది.

"పోయింది సార్. ఈసారి తొందరపడలేదు. మళ్ళీ తప్పుతానేమోనని భయపడి, ఆగకూడని చోటంతా ఆగినాను."

చాలాసేపు ఏడ్చింది.

"మొదట్లోనే గట్టిగా చెప్పుండాల్సింది సార్ మీరు."

"చెప్పుండాల్సిందమ్మా."

"నేను అలిగినా చెప్పుండాల్సింది."

"అలిగినా చెప్పుండాల్సిందమ్మా."