నా రోజుల్లో ఆగదు

బైబిల్లోని రాజుల్ని తిట్టడంలో, చర్చి గడియారం చూసుకునే గంటల తాతని మించినవాడు లేడు. ఆదివారం సాయంత్రం చర్చి వరండాలో పెద్దవాళ్లకి పాఠం చెప్పే పని ఆయనది. సౌలు పేరెత్తితే చాలు, ఒంటికాలి మీద లేస్తాడు. "గొర్రెల్ని దాచుకుని, దేవుడు చెప్పినట్టే చేశానని ప్రవక్తతో బొంకుతాడా! వెనకాల అవి మే మే అంటుంటే!" రెహబాము సంగతొస్తే, పెద్దల మాట పెడచెవిన పెట్టి రాజ్యాన్ని చీల్చుకున్న అక్కుపక్షి అంటాడు. దావీదుని మాత్రం తిడుతూ తిడుతూనే కళ్లు తుడుచుకుంటాడు.

ఒక్క హిజ్కియానే ఏమీ అనడు. ఎలా అంటాడు మరి, ఆ రాజు ఆయనకి సొంత మనిషైతే! హిజ్కియాకి జబ్బు చేసింది. ప్రవక్త వచ్చి, నువ్విక బతకవు, ఇల్లు చక్కబెట్టుకో అన్నాడు. రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు. దేవుడు కరిగి ఇంకొన్నేళ్లు ఇచ్చాడు, గుర్తుగా పొద్దు తెలిపే మెట్ల మీద నీడని వెనక్కి నడిపించాడు. అక్కడికొచ్చేసరికి తాత కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటాడు, పాఠం ముగిసినట్టే. తర్వాత ఆ రాజు ఏం చేశాడో ఇన్నేళ్లలో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

తాతకీ ఒకప్పుడు అలాంటి జబ్బే చేసింది. డాక్టరు పెదవి విరిచాడు. ఆయనా గోడవైపు తిరిగి ఏడ్చాడు, బతికి బట్టకట్టాడు. లేచిన వెంటనే చేసిన పని ఏమిటయ్యా అంటే, ఇల్లు చక్కబెట్టుకోవడం. మాట అలాగే తీసుకున్నాడు మహానుభావుడు! గోడలకి సున్నం కొట్టించాడు. ముందు గదిలో అద్దాల బీరువా చేయించి, బతుకంతా పోగేసిన పాత గడియారాలన్నీ వరసగా నిలబెట్టాడు. ఇంటికెవరొచ్చినా కుర్చీ వేసే ముందే బీరువా తెరుస్తాడు. దాని పక్కనే కిటికీ దగ్గర బల్ల ముందు ఆయన కోడలు కంటికి భూతద్దం బిగించుకుని, ఊళ్లోవాళ్ల చేతి గడియారాలు బాగుచేస్తూ ఉంటుంది. ఆమెని మాత్రం ఎవరికీ చూపించడు.

కొడుకు బస్సు నడుపుతాడు, వాడికి ఈ పని పట్టదు. కోడలికి పట్టింది. చర్చి గోపురం మీది పెద్ద గడియారం పని కూడా నేర్పమని ఎన్నోసార్లు అడిగింది. "చూద్దాంలేమ్మా" అనేవాడు తాత. ఆ చూద్దాం ఎప్పటికీ చూద్దామే. గోపురం తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడేది.

ఆ ఆదివారం పొద్దున ఆరాధన అయ్యాక పాస్టరుగారు తాత పక్కన వచ్చి కూర్చున్నారు.

"సాయంత్రం కమిటీవాళ్లు కూర్చుంటున్నాం తాతగారూ. గడియారం దించేసి స్పీకరు గంట పెట్టిద్దామని అంటున్నారు. మీ తర్వాత చూసేవాళ్లెవరని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

"నా రోజుల్లో అది ఆగదు లెండి" అన్నాడు తాత నవ్వుతూ. "నేను పోయాక సంగతి నాకెందుకు?"

టీ గ్లాసులు పట్టుకుని వెనకాలే నిలబడి ఉంది కోడలు. గ్లాసు ఆయన చేతికిచ్చి, మెల్లిగా అంది. "వాచీల షోరూమువాళ్లు పనికి రమ్మంటున్నారు మామయ్యా. రేపట్నుంచి వస్తానని సాయంత్రం చెప్పేస్తాను. బ్యాటరీలు మార్చడమేగా, అది ఎవరూ నేర్పక్కర్లేదు."

తాత టీ గ్లాసు సగంలోనే పక్కన పెట్టి లేచిపోయాడు. మొండిఘటం.

మధ్యాహ్నం గడియారానికి కీ ఇవ్వడానికి గోపురం ఎక్కాడు. పైగదిలో పాలరంగు అద్దపు ముఖంలోంచి ఎండ వడపోసినట్టు దిగుతుంది. లోపల్నుంచి చూస్తే అంకెలన్నీ తిరగబడి ఉంటాయి, ముళ్లు వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తాయి. కొత్తవాళ్లకి కళ్లు తిరుగుతాయి, తాతకి మాత్రం అది అమ్మ ఒడి. కీ తిప్పీ తిప్పీ చేతులు వణికితే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. లోలకం అటూ ఇటూ ఊగుతోంది. రెప్పలు బరువెక్కాయి.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఎవరో ఎక్కి వస్తున్నారు. ఆ మనిషి ఒక్కో మెట్టు ఎక్కుతుంటే, మెట్టు మీది నీడ ఒక్కో మెట్టు వెనక్కి జరుగుతోంది. తలమీద కిరీటం లేదు, ఒంటి మీద జబ్బు మనిషి దుప్పటి. అయినా తాత గుర్తుపట్టాడు.

"రాజుగారూ! మీరా? కూర్చోండి, కూర్చోండి."

"నా కథ సగంలో ఆపేస్తావేమయ్యా మేస్త్రీ?" అన్నాడు రాజు, లోలకాన్ని చూస్తూ.

"అక్కడే కదా బాగుంది."

"నాకూ అక్కడే బాగుండేది. ఒంట్లో బాగైందని తెలిసి దూరదేశం మనుషులు పలకరించడానికొచ్చారు. ఉబ్బి తబ్బిబ్బైపోయాను. బంగారం చూపించాను, సుగంధాలు చూపించాను, ఇంట్లో చూపించని వస్తువు లేదు. బతికించినవాడి గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ప్రవక్త మళ్లీ వచ్చి, ఇవన్నీ పట్టుకుపోతారు, నీ కడుపున పుట్టినవాళ్లని కూడా పట్టుకుపోతారు అన్నాడు."

"మీరేమన్నారు?"

రాజు ఆయన వైపు తిరిగాడు. ఆ మొహం అచ్చం తాత మొహంలాగే ఉంది. "నా రోజుల్లో బాగుంటుంది కదా, చాలన్నాను. నువ్వు పొద్దున అన్నావే, అదే."

"వెనక్కి తీసుకోవచ్చా ఆ మాట?"

"నీడ వెనక్కి వెళ్లింది మేస్త్రీ. మాట వెళ్లలేదు."

తాత ఉలిక్కిపడి లేచాడు. లేచాడో, కలలోనే ఉన్నాడో ఆయనకే తెలీదు. పొద్దుటికి వెళ్లాలి, ఆ మాట అనకముందుకి వెళ్లాలి, అంతే తెలుసు. ముళ్లు తిప్పే చిన్న చక్రం పట్టుకుని వెనక్కి తిప్పాడు. తిప్పాడు, తిప్పాడు, లోపల ఏదో టక్కుమంది. పెద్ద గడియారం ముల్లు వెనక్కి తిప్పితే గంటల లెక్క తప్పుతుందని లోకమంతటికీ చెప్పే మనిషి! గంట మోగడం మొదలైంది, ఒక పట్టాన ఆగలేదు. పట్టపగలు వేళాపాళా లేకుండా మోగుతుంటే వీధిలో జనం తలలెత్తి చూశారు.

కోడలు మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది. "మామయ్యా! ఏమైంది? మీకేం కాలేదుగా?"

"నాకేం కాలేదమ్మా. దీన్ని పాడుచేశాను." చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు తాత. చేతులు చూపించాడు, అవి వణుకుతూనే ఉన్నాయి. "ఇవి ఇక పనికిరావు. నువ్వే చెయ్యాలి. నేను చెప్తాను."

కోడలు కొంగు నడుముకి దోపుకుంది.

"ముందు గంట కొట్టే సుత్తికి గుడ్డ చుట్టు. ఊరంతా మళ్లీ హడలిపోతుంది." తన తువ్వాలు తీసిచ్చాడు. "ఇప్పుడు ముళ్లు ముందుకే తిప్పు, ఇప్పటి వేళకి తీసుకురా. వెనక్కి మాత్రం వద్దు, చచ్చినా వద్దు. గంటని మోగించే ఆ కొక్కెం పైకెత్తు. మోగనీ. మోగే గంటల లెక్క వేళతో కలిసేదాకా ఎత్తుతూనే ఉండు."

గంట మోగింది. తువ్వాలు చుట్టిన సుత్తి కదా, దుప్పటి ముసుగులోంచి ఎవరో పిలుస్తున్నట్టు మెత్తగా వినిపించింది. ఆమె కొక్కెం ఎత్తింది, విన్నది, మళ్లీ ఎత్తింది. ఆ పాలరంగు వెలుగులో ఇద్దరూ పొద్దు తెలీకుండా అలాగే ఉండిపోయారు. అడిగిందానికీ అడగనిదానికీ తాత జవాబు చెప్పాడు. నూనె ఎక్కడ వెయ్యాలో, వానాకాలంలో లోలకం ఎందుకు మొరాయిస్తుందో, తన తండ్రీ ఇలాగే తనకి చెప్పకుండా పోతే ఎంత అవస్థ పడ్డాడో, అన్నీ. చివరికి మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఆమె అరచేతిలో పెట్టాడు.

"రేపు షోరూముకి..." అంది కోడలు.

"నీ ఇష్టమమ్మా. ఆపే హక్కు నాకు లేదు. కానీ ఇది నీ దగ్గరే ఉండనీ."

సాయంత్రం వరండాలో అందరూ చేరారు. పాస్టరుగారూ, కమిటీవాళ్లూ వెనక బల్ల మీద కూర్చున్నారు. తాత హిజ్కియా కథ ఎత్తుకున్నాడు. నీడ వెనక్కి నడిచింది. అందరూ లేవబోయారు.

"కూర్చోండి, అవలేదు" అన్నాడు తాత. దూరదేశం మనుషుల గురించి చెప్పాడు, తెరిచిన గదుల గురించి చెప్పాడు, రాజు అన్న చివరి మాట చెప్పాడు. చెప్తూ వెనక బల్ల వైపు చూశాడు. "ఇల్లు చక్కబెట్టుకో అంటే నేను సున్నం కొట్టించానయ్యా పాస్టరుగారూ. పొద్దున మీరడిగినదానికి జవాబు..."

అప్పుడే పైన గంట మోగడం మొదలైంది. వేళ తప్పకుండా, లెక్క తప్పకుండా, నిండుగా మోగింది. గడియారం అద్దం వెనక దీపం వెలుగులో ఎవరిదో నీడ కదిలింది, తాతేమో ఇక్కడే, అందరి ఎదుటా ఉన్నాడు. పాస్టరుగారు ఆయన్ని చూశారు, గోపురాన్ని చూశారు, మళ్లీ ఆయన్ని చూశారు.

"మరి పైనెవరున్నారు తాతగారూ?"

"గడియారం మేస్త్రీ" అన్నాడు తాత. "మా కోడలు."