ఊరు దాచిన గెలుపు

ఆ పొద్దు పుల్లయ్యకు కాలు ఒకచోట నిలవలేదు. కుడితి తొట్టి దాకా పోయి, కుడితి కలపకుండానే తిరిగి వచ్చాడు. వాకిట్లో కూర్చుని పగ్గం పేనబోయి, పేనిందంతా మళ్ళీ విప్పేశాడు. దూరంగా రైలు కూత వినిపిస్తే చాలు, మెడ బేతంచెర్ల వైపు తిరిగేది.

మద్రాసు నుంచి మోటారు సైకిళ్ళ ఏజెన్సీ మనిషి ఆ పగటి రైలుకు దిగుతాడు. అతను అడిగితే పుల్లయ్య చెప్పవలసింది ఇంతే: "మోటారు సైకిలు డోన్ రోడ్డులో ఆగిపోయింది. నా బండిలో ఏసుకొచ్చినా." చిన్న మాటే. అయినా వారం రోజులుగా నములుతున్నా గొంతు దిగలేదు.

కొట్టంలో ఎద్దులు రెండూ అతన్నే చూస్తున్నాయి. తెల్లది ముత్యం. ఎర్రది పగడం. ఆ పేర్లు పెట్టింది భార్య నాగలక్ష్మమ్మ. సంతలో ఎవరూ కొనకుండా మిగిలిపోయిన బక్క దూడలను తెచ్చి, గంజి పట్టి, జొన్న సొప్ప చిన్న ముక్కలుగా నరికి నోటికందించి పెంచింది. "నీ పిల్లలు గాడిదలంత కూడా లేవు కదమ్మే" అని ఇరుగుపొరుగు నవ్వితే, "ఒకనాటికి తిరునాళ్ళలో గెలుస్తాయి సూడండి" అనేది. నిరుటి వానాకాలంలో ఆమె పోయింది. ఎద్దులు గెలిచింది మొన్నటి తిరునాళ్ళలో.

గెలిచాయి. కానీ ఇప్పుడు ఊళ్ళో ఎవరినడిగినా గెలవలేదనే చెప్తారు. అసలు ఆ పందెమే జరగలేదంటారు.

దానికంతా కారణం కంబన్న మోటారు సైకిలు. కంబన్న నాపరాళ్ళ గనుల ఆసామి; ఆ రాళ్ళను స్టేషనుకు తోలే బాడుగతోనే పుల్లయ్యకు బతుకు. ముప్పై ఏళ్ళు నిండని మనిషి. వేగమంటే పిచ్చి. సీమదేశం నుంచి ఓడలో దిగిన రేసు బండిని మద్రాసులో కొనుక్కొచ్చాడు. కడపలో కొత్తగా వేసిన విమానాల మైదానం మీద క్లబ్బువాళ్ళు పందేలు పెడితే రెండోవాడుగా వచ్చాడు. వచ్చే నెలలో మళ్ళీ పందెం ఉంది. ఈసారి మొదటివాడుగా రావాలని ఇంట్లో కూర్చున్నా కాలితో గేరు మార్చే మనిషి.

తిరునాళ్ళలో బండలాగుడు అయిపోయింది. పెద్ద రైతుల పందెపు ఎద్దులు బహుమానాలు తీసుకుని పోయాయి. బండ మైదానంలో అట్లాగే పడి ఉంది. అప్పుడు గనిలో రాళ్ళు ఎత్తే దాసన్న, నోరు ఊరుకోక, మోటారు సైకిలు మీద వచ్చిన కంబన్నతో, "ఏమన్నా, నీ గుర్రానికి ఉరకడమేనా, గుంజడం కూడా వస్తాదా?" అన్నాడు.

జనం నవ్వారు. కంబన్నకు ఆ నవ్వు చాలింది.

"గొలుసు తీసుకురాండ్రా!"

బండికి గొలుసు కట్టాడు. బండ కదిలింది. ఈలలు, కేకలు, పైకెగిరిన తలగుడ్డలు. సగం మైదానం దాకా ఈడ్చింది. అంతలో ఇంజను గొంతు మారింది. మొదట దగ్గింది. తర్వాత పళ్ళు పులిసిపోయేటట్టు కీచుమంది. వెనక చక్రం బిగుసుకుని ఆగిపోయింది. ఎండుమిరపకాయలు పెనం మీద మాడినట్టు ఘాటు వాసన కమ్ముకుంది.

"ఇంగ బండను ఈన్నే వదిలిపోతామా?" అన్నాడు దాసన్న. "పుల్లయ్యన్నా, నీ బండెద్దుల్ని కట్టు. పక్కకన్నా జరుపుతాయి."

అది ఎగతాళే. పుల్లయ్యకు తెలుసు. అయినా కట్టాడు. చెర్నాకోల ఎత్తలేదు. నాగలక్ష్మమ్మ పిలిచినట్టు "పాండి నాయనా, పాండి" అన్నాడు, అంతే. ఎద్దులు మోకాళ్ళు వంచి, మెడలు కిందికి దించి, నేలను గోకుతూ కదిలాయి. మోటారు ఆగినచోటు దాటాయి. ఆగలేదు. మైదానం కొస దాకా, కడాకు పోయాయి. దాసన్నే ముందు ఉరికొచ్చి పుల్లయ్యను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఎవరో ఆడమనిషి ఎద్దుల కొమ్ములకు పసుపు పూసింది. అతను ఏడ్చాడో నవ్వాడో అతనికే తెలియలేదు.

మర్నాడు కంబన్న పుల్లయ్య ఇంటికి వచ్చాడు. నులకమంచం మీద కూర్చుని, "మామా, తిరునాళ్ళలో నువ్వు బండ లాగించలేదు" అన్నాడు.

పుల్లయ్య పరాచికమనుకుని నవ్వాడు.

"నిజంగానే అంటాండా. నేనూ లాగించలేదు. ఆ పందెమే జరగలేదు. ఇంజను గ్యారంటీలో ఉండాది. బరువు గుంజినానని తెలిస్తే మద్రాసోళ్ళు కొత్త ఇంజను ఇయ్యరు. కడప పందెం పోతాది. ఊరంతా ఒప్పుకున్నారు. ఇంగ నువ్వే."

"నా ఎద్దులు..."

"ఎద్దులు యాడికి పోతాయి మామా? మళ్ళొక తిరునాళ్ళు రాదా?"

కంబన్న చెడ్డవాడైతే బాగుండునని పుల్లయ్య అప్పుడు అనుకున్నాడు. నాగలక్ష్మమ్మకు రోగం ముదిరినప్పుడు బాడుగ జీపు తెచ్చి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది కంబన్నే. దారి పొడవునా, ఆమెకు కుదుపు తగలకూడదని, అంత వేగం మనిషి ఎద్దులబండి కంటే మెల్లగా తోలాడు. వెనక వచ్చిన గొర్రెలమంద జీపును దాటిపోయింది. "ఈ పిల్లోడు నా కోసరం ఎంత ఓర్చుకుంటాండాడో సూడు" అని ఆ బాధలోనూ ఆమె నవ్వింది. అట్లాంటి మనిషి అడిగితే కాదని ఎట్లా అంటాడు?

అందుకే తల ఊపాడు. ఊపిన దగ్గర్నుంచి తిండి సయించలేదు. సందులో పోతుంటే జనం ఎండల గురించి మాట్లాడేవారు, నీళ్ళ గురించి మాట్లాడేవారు. ఎద్దుల ఊసు ఎత్తేవారు కాదు. పసుపు పూసిన ఆవిడే వచ్చి, "తుడిచేయన్నా, మద్రాసాయన సూస్తాడేమో" అని తడిగుడ్డ ఇచ్చి పోయింది. తుడిచాడు.

ఏజెన్సీ మనిషి పేరు నారాయణ. యాభై దాటిన మనిషి. ఉద్యోగం మద్రాసులోనైనా సొంతూరు రాజంపేట. కంబన్న ఇంటి ముందు చింతచెట్టు నీడన కూర్చుని, చొక్కా చేతులు మడిచి, ఇంజను విప్పి, ఒక్కొక్క సామానే తిప్పి తిప్పి చూశాడు. ఊరు చుట్టూ మూగింది. పుల్లయ్య బండి విప్పి, ఎద్దులను పక్కనే కట్టి నిలబడ్డాడు. మోటారును మోసుకొచ్చిన బండి ఇదేనని చూపడానికి రమ్మన్నది కంబన్నే.

"కడప పందెంలో ఉరికించినందుకు మేం గ్యారంటీ కాదనము" అన్నాడు నారాయణ. "మీ ఫోటో మా షాపులోనే పెట్టినాము. ఉరకడానికి చేసిన బండి ఇది. గాలి తగుల్తా ఉంటే ఎంత ఉరికినా తట్టుకుంటాది. కానీ ఇది నిలబడి కాలినట్టు ఉండాది. క్లచ్చి ప్లేట్లు అప్పడాల మాదిరి మాడినాయి. ఆపొద్దు ఏం జరిగింది?"

"డోన్ రోడ్డులో పోతాంటే ఆగిపోయింది సార్" అన్నాడు కంబన్న.

"నేను కళ్ళారా సూసినా సార్. టప్పుమని ఆగిపాయె" అన్నాడు తిమ్మయ్య, గనికి రాళ్ళబండి తోలే రైతు.

"టప్పుమని కాదు సార్" అని దాసన్న దిద్దాడు. "గుర్రుమనె, పిల్లి మాదిరి. అప్పటికి సన్నగా తుంపర కూడా పడతాండె."

నారాయణ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ ఎండల్లో మీకు వాన పడిందా? శానా సంతోషమప్పా. మా రాజంపేటలో అయితే మబ్బు మొగమే సూడలేదు."

జనం గొంతులు సవరించుకున్నారు. ఎవరో దాసన్నను మోచేత్తో పొడిచారు. నారాయణ సంచిలోంచి కాగితం తీశాడు. ఊరంతా ఒకే మాట మీద నిలబడితే ఒంటరి మనిషి ఎంతసేపు గింజుకోగలడు? కాగితం తొడ మీద పెట్టుకుని పుల్లయ్య వైపు తిరిగాడు.

"పెద్దాయనా, బండిలో తెచ్చింది నువ్వేనంట?"

"నేనే సార్."

"యాడ్నుంచి?"

"డోన్ రోడ్డు నుంచి." మాట బయటికి వచ్చింది. ఆశ్చర్యం, నాలుక తెగిపడలేదు. కంబన్న ఊపిరి వదిలాడు. నారాయణ రాసుకున్నాడు. ఇక అయిపోయింది అనుకుని పుల్లయ్య చెమట తుడుచుకున్నాడు.

నారాయణ కలం జేబులో పెట్టుకుంటూ లేచి, ముత్యం గంగడోలు నిమిరాడు. పల్లెలో పుట్టిన చెయ్యి కాబోలు, ఎద్దు బెదరలేదు. "మంచి జత. బండలాగుడుకు ఎప్పుడన్నా కట్టినావా?"

పుల్లయ్య నోరు తెరిచేలోపల కంబన్న అందుకున్నాడు. "అవి ఒట్టి బండెద్దులు సార్. బండ సూస్తే పండుకుంటాయి."

అందరూ నవ్వారు. తిమ్మయ్య నవ్వాడు. భుజాల మీదికి ఎత్తుకున్న దాసన్న నవ్వాడు. తడిగుడ్డ ఇచ్చినావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సంతలో బక్క దూడలను తోలుకొస్తున్న నాగలక్ష్మమ్మను చూసి నవ్విన నవ్వు కూడా ఇదే.

"లాగినాయి" అన్నాడు పుల్లయ్య.

"మామా!"

"లాగినాయి సార్. నేను చెప్పింది అబద్ధం. తిరునాళ్ళలో మోటారు సగం గుంజి ఆగిపాయె. ఆ బండనే నా ఎద్దులు కడాకు లాగినాయి. ఈళ్ళంతా సూసినారు."

కంబన్న మొగం ముందు నల్లబడింది, తర్వాత పాలిపోయింది. నారాయణ మళ్ళీ కూర్చున్నాడు. రాసింది కొట్టేశాడు.

"ఇంజనుకు గ్యారంటీ వర్తించదు కంబన్నా. సామాన్లు మీరే తెప్పించుకోవల్ల. కడప పందెం నాటికి రావు" అన్నాడు, ఎవరినీ తప్పు పట్టని గొంతుతో. తర్వాత పుల్లయ్యను చూసి, "ఎద్దుల పేర్లేమి?" అని అడిగాడు.

"పేర్లెందుకు?" అన్నాడు కంబన్న కటువుగా.

"ఏది ఆగిపోయిందో రాసేటప్పుడు ఏది లాగిందో కూడా రాయల్ల గదప్పా."

"ముత్యం, పగడం" అన్నాడు పుల్లయ్య. నారాయణ ఇంగ్లీషులో రాసుకున్నాడు. కంబన్న లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

సాయంత్రం దాసన్న వాకిట్లోకి వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. "ఏం పని చేసినావన్నా! కడప పందెం కోసం ఊరంతా ఎదురుసూస్తాంటే. రేపు గనికాడికి రావద్దులే. ఇంగో ఊళ్ళో బాడుగ ఎతుక్కో."

తాను చెప్పింది మంచిదో చెడ్డదో తేల్చుకోలేక పుల్లయ్య ఆ కొట్టం నుంచి ఈ వాకిలికి, ఈ వాకిలి నుంచి ఆ కొట్టానికి తిరిగాడు. జీపు, గొర్రెలమంద, ఆమె నవ్వు కళ్ళ ముందు కదిలాయి. అబద్ధం చెప్పి ఉంటే ఆమె ఏమనేది? నిజం చెప్పినందుకు ఏమనేది? రెండింటికీ తిట్టేదేమో అనిపించి కొంచెం ఊరట కలిగింది.

తెల్లవారాక ఎద్దులను కట్టాడు. పోక ఏం చేస్తాడు? వేరే దారి ఎద్దులకూ తెలియదు, అతనికీ తెలియదు.

గని దగ్గర బండ్లు వరుసగా నిలిచి ఉన్నాయి. కంబన్న నడిచే వచ్చినట్టున్నాడు, మోకాళ్ళదాకా దుమ్ము. పుల్లయ్య వైపు చూడలేదు. "ఆ బండిని అందరి ఎనకాల కట్టుకోమను" అన్నాడు తిమ్మయ్యతో, పుల్లయ్య అక్కడ లేనట్టు.

పుల్లయ్య చివరకు పోయి కాడి దించాడు. ఒక్కొక్క బండే నిండి రైలు స్టేషనుకు కదిలిపోతోంది. నెత్తిమీద ఎండ పెళపెళలాడుతోంది. తన వంతు వచ్చేసరికి రాళ్ళు ఉంటాయా, పొమ్మంటారా అని ముందున్న బండ్లను లెక్కపెట్టుకుంటున్నాడు. ముత్యం అసహనంగా డెక్కతో నేలను తన్నింది.

ముందున్న బండ్లన్నీ పోయాయి. దాసన్న చేతులు దులుపుకుంటూ కంబన్న వైపు చూశాడు.

"అన్నా, ఈయన బండికి ఏయల్లనా?"

కంబన్న ఎద్దుల వైపు తిరిగాడు.

"ఏయి."

"ఎన్ని ఏయమంటావు?"

"నన్నడుగుతావేమిరా?" కంబన్న కసిరాడు. "తిరునాళ్ళలో నువ్వు సూడలేదా అవి ఎంత లాగుతాయో? నిండా ఏయి."

దాసన్న మొదటి రాయి ఎత్తాడు. పుల్లయ్య గబగబా పోయి, అవసరం లేకపోయినా, రెండో కొస పట్టుకున్నాడు.