నీళ్లు పడని నలభై ఒకటి

కాకి పిల్ల కాకికి ముద్దంటారు. ఈశ్వరి దగ్గర అది తలకిందులైంది. ఈ పిల్లకు కాకే ముద్దు.

వాళ్ల నాయన దాసప్పది గార్లదిన్నె పక్కన పల్లె. బోరు పాయింట్లు చూస్తాడు. అరచేతి మీద టెంకాయ పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి చేనంతా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట టెంకాయ నిలువుగా లేస్తుంది. నమ్మేవాళ్లు ముందే వస్తారు, నమ్మనివాళ్లు మిషన్లు తెప్పించి, అవి తప్పాక వస్తారు. మొత్తానికి అందరూ వస్తారు. ఉన్న మూడెకరాల్లో శెనక్కాయ మూడేండ్లకోసారి పండితే గొప్ప కాబట్టి, ఆ ఇల్లు నిలబడింది టెంకాయ మీదే.

ఈశ్వరి డిగ్రీలో కంప్యూటర్లు చదివి, అనంతపురంలో ఆంజనేయులు నెట్ సెంటర్లో పనికి కుదిరింది. అది రెండువేల ఏడు. మధ్యాహ్నం జనం లేనప్పుడు ఆమె సొంతంగా ఒక బ్లాగు కట్టింది. పేరు ‘దాసప్ప పాయింట్లు’. ఊరికే దొరికే బ్లాగులు బోలెడుండగా ఈ యాతన ఎందుకని ఆంజనేయులు అడిగితే, వాటిలో తనకు కావలసిన గళ్లు లేవంది. ఊరు, చేను ఎవరిది, ఎన్ని అడుగులు, ఎన్ని ఇంచుల నీళ్లు, ఇవన్నీ వేరువేరు గళ్లలో పడాలి, ఆ కింద కథ ఉండాలి. జాంగో అనే ఫ్రేమ్‌వర్కు పట్టుకుంది. సైటుకు కావలసిన సామానంతా ముక్కలుగా చేసిపెట్టి ఉంటుంది, మనం బిగించుకోవడమే. బిగించడం తెలిస్తే.

ఇరవై ఆరు బోర్ల కథలు రాసింది. ఏ చేనులో ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో, ఆ రోజు ఇంటివాళ్లు ఎట్లా బురదలో గంతులేశారో, అన్నీ నాయన నోటితో విని రాసింది. బెంగుళూరులో పనులకు పోయిన మనవాళ్లు చదివారు. ఎవరో కాగితాల మీదకు తీసి ఊళ్లకు పంపారు. అప్పుడు ఆమెకు ఆశ పుట్టింది. చదివినవాళ్ల మాట కూడా ఆ కథల కిందే కనబడాలి. నిజం చెప్పుకోవాలంటే, నాయనను ఇంకో పదిమంది పొగడాలి.

పొగడ్త కూడా ఊరికే రాదు. వ్యాఖ్యల కోసం ఒక పట్టిక చేసి, దాన్ని బోర్ల పట్టికకు ముడివేసి, రాసుకునే పెట్టె పెట్టింది. మొదటిసారి ‘నమస్కారం’ అని రాసి పంపితే తెరమీద వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. తెలుగు అక్షరాలు దాచుకోమని డేటాబేసుకు ఎవరూ చెప్పలేదని తెలియడానికి రెండు రోజులు పట్టింది. తర్వాత ఆంజనేయులు సరదాగా ‘బాగుంది’ అని రాసి, పేజీ కదలలేదని మళ్లీ మళ్లీ రిఫ్రెష్ కొట్టాడు. ఏడుసార్లు బాగుంది అని పడింది. మాట అందిన వెంటనే మనిషిని ఇంకో పేజీకి మళ్లించాలన్న సంగతి ఆమె అట్లా నేర్చుకుంది. చివరికి ఒక టిక్కు పెట్టింది. తను చదివి టిక్కు కొడితేనే వ్యాఖ్య పైకి కనబడుతుంది. పిచ్చి రాతలు రాసేవాళ్లు లోకంలో తక్కువా?

పది రోజుల్లో పద్నాలుగు మాటలొచ్చాయి. అన్నీ తీపివే. ఈశ్వరి నేల మీద నడవడం మానేసింది.

ఆ వారమే నల్లమాడ నుంచి బయ్యన్న అనే రైతు ఇంటికొచ్చాడు. చేతిలో ఆ ఇరవై ఆరు కథల కాగితాలు, నలిగి మడతలు పడి ఉన్నాయి. ఆయన చేనులో ఇదివరకే వేరేవాళ్లు చూపిన చోట్ల నాలుగు బోర్లు వేసి నాలుగూ పోగొట్టుకున్నాడు. ఇది అయిదోది, ఇదే ఆఖరుది, ఇది గూడా పోతే చేను అమ్మి పోతానని చెప్పాడు. వచ్చే గురువారానికి బోరు బండి కూడా మాట్లాడేశాడు. దాసప్ప వస్తానన్నాడు. ఈశ్వరి గర్వంగా కాఫీ పెట్టి ఇచ్చింది.

మరునాడు పదిహేనో వ్యాఖ్య వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ‘నా పేరు తిప్పేష్. మాది మడకశిర తట్టు. ఇప్పుడు బెంగుళూరులో సెంట్రింగు పని చేస్తాండా. మా చేనులో గూడా దాసప్పన్నే పాయింటు పెట్టినాడు. రెండు బోర్లు వేస్తిమి, రెండింట్లోనూ దుమ్మే వచ్చె. ఆ చేను ఇప్పుడు మాది కాదు. అది యాడా రాయలేదే?’

ఈశ్వరి దాన్ని అయిదుసార్లు చదివింది. అబద్ధమనుకుంది, అసూయ అనుకుంది. ఈ తట్టు పల్లెలన్నింట్లో ఒక అలవాటుంది. బోరు ఎండితే దాని నోటి మీద బండ మూసి ఊరుకుంటారు. పాయింటు పెట్టినవాడిని తిడితే పక్క చేలల్లో గంగమ్మ కూడా అలుగుతుందని భయం. ఆ మనిషి ఎదురైతే ఏమీ జరగనట్టే, రాప్పా కాఫీ తాగిపో అంటారు. కాబట్టి ఎండిన బోరు మాట ఆమె చెవిన ఎన్నడూ పడలేదు. ఎవరి మొహమూ ఎవరికీ కనబడని ఒక పెట్టె తనే చేతులారా పెట్టాక, మొదటిసారి పడింది.

టిక్కు కొడితే నాయన పేరు పోతుంది, పేరుతో పాటు ఇల్లు గడిచే దారీ పోతుంది. తీసేస్తే అడిగేవాడు లేడు. కానీ ఆ కాగితాలే పట్టుకుని బయ్యన్న గురువారం చేను తవ్విస్తాడు. మూడు రోజులు ఆమె ఆ టిక్కు జోలికి పోలేదు, సరిగ్గా అన్నమూ తినలేదు.

నాలుగో రోజు కాగితం మీద తీసుకుని ఇంటికి పోయి నాయన ముందు చదివింది. ఆయన గడ్డి మోపు విప్పుతూ విన్నాడు. అబద్ధమని ఒక్క మాట అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది.

“రెండు కాదు పాపా, మూడు,” అన్నాడు దాసప్ప. “మూడోది ఆ పిల్లోడు బెంగుళూరుకు పోయినంక వేసిరి. నేను ఆడే ఉంటి. బండి ఆపేదాకా ఉంటి.”

“నాకెందుకు చెప్పలేదు నాయనా?”

“నువ్వు నీళ్లు పడినవి చెప్పమంటివి. పడినవి చెప్తి.”

ఆ మాట వాతలా తగిలింది, ఎందుకంటే అది నిజం. అడగడం దాకా ఎందుకు, తను కట్టిన ఫారమే అట్లాంటిది. ఎన్ని ఇంచుల నీళ్లు అనే గడి నింపకపోతే ముందుకు పోనివ్వదు, సున్నా వేస్తే తప్పు అంటుంది. ఇంత ముచ్చటపడి కట్టిన సైటులో ఎండిన బోరుకు చోటే పెట్టలేదు. దాసప్పకు అది వివరించి చెబితే నవ్వాడు, కోప్పడలేదు. తిప్పేష్ మాట పెట్టమన్నాడు, మిగతా ఎండిన బోర్లు తను చెబుతానన్నాడు. బయ్యన్న ఆ కాగితాలు చూసే కదా వచ్చినాడు, అట్లయితే ఇవి గూడా చూడల్ల అన్నాడు.

చెప్పాడు. రెండు సాయంత్రాలు చెప్పాడు. ఊరు, చేను, అడుగులు, దుమ్ము ఏ రంగులో వచ్చింది, ఆ ఇంటివాళ్లు ఇప్పుడెక్కడున్నారు. ఒక్క చోట కూడా తడుముకోలేదు. చదువురాని ఆ మనిషి ఇంత బరువు ఎక్కడ పెట్టుకుని ఇన్నేండ్లు నడిచాడా అనుకుంటూనే ఈశ్వరి అన్నీ రాసుకుంది. తిప్పేష్ వాళ్ల మూడింటితో కలిపి మొత్తం నలభై ఒకటి. తిప్పేష్ మాటకు టిక్కు కొట్టింది. దాని కింద ‘రెండు కాదు, మూడు’ అని నాయన పేరుతో జవాబు పెట్టింది. మిగతావన్నీ ఆయన మాటలుగానే చేర్చింది, గడుల్లో పట్టనివి వ్యాఖ్యల్లో పట్టాయి. మరునాడే ఇద్దరు మనుషులు తమ చేలకు రావద్దని కబురు పెట్టారు. 

గురువారం నాయనతో పాటు ఈశ్వరి కూడా నల్లమాడకు పోయింది. బయ్యన్న ఊళ్లో నెట్టు లేదు కదా, నలభై ఒక్క బోర్లనూ కాగితాలకెక్కించి తెచ్చింది. ఆయన వాటిని చూడకుండానే జేబులో పెట్టుకుని, ముందు నడువప్పా అన్నాడు. బోరు బండి గట్టు పక్కన నిలబడి ఉంది. దాసప్ప పాత బోర్ల దగ్గరకు పోయి, పక్కన పోసిన రాతి పొడి చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు. నాలుగింటి దగ్గరా చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, టెంకాయ పెట్టుకుని నడిచాడు.

తూర్పు మూలలో టెంకాయ లేచింది. నిక్కచ్చిగా, నిలువుగా. బయ్యన్న కండ్లు వెలిగాయి. బండి మనిషి ఇంజను దగ్గరకు పోయాడు. ఈశ్వరికి కూడా ఒక్క క్షణం గుండె పొంగింది, నాయన గెలిచాడనిపించింది.

దాసప్ప టెంకాయ దించి చంకలో పెట్టుకున్నాడు.

“ఆ నలభై ఒక్క బోర్ల కాడ గూడా ఇది ఇట్లే లేసిందన్నా,” అన్నాడు. “నీ బోర్ల పక్కన పొడి చూసినా. ఆ చేలల్లో వచ్చిన పొడే ఇది. వెయ్యద్దు.”

బయ్యన్న నమ్మలేనట్టు చూశాడు. మరి లేసింది కదా అన్నాడు. లేసింది, నేను అబద్ధం చెప్పలేను, అయినా వెయ్యద్దు అన్నాడు దాసప్ప. ఇంకో మూలకు చూడమన్నాడు బయ్యన్న. ఏ మూలా వద్దు, ఈ రాతి కింద నీళ్లు లేవు, ఉన్న దాంట్లో జొన్నో కొర్రో చల్లుకో, చేను మాత్రం పోగొట్టుకోవద్దు అన్నాడు. బయ్యన్న జేబులోంచి ఆ కాగితాలు తీసి, మొదటిది చదివాడు, రెండోది చదివాడు. అట్లాగే గట్టు మీద కూర్చుని ఆఖరిదాకా చదివాడు. ఈశ్వరి ఆయన మొహం చూడలేక నాయన కాళ్ల వైపు చూస్తూ నిలబడింది. తిడతాడు, ఊరంతా చెబుతాడు, ఇక ఆ టెంకాయను ఎవరూ పిలవరు అనుకుంది. పిలవకపోతే పోనీ, ఈయన కడుపున పుట్టాను, అది చాలు అని కూడా అనుకుంది.

బయ్యన్న తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి గుడ్డ తీసి, బండి మనిషిని పొమ్మని చెయ్యి ఊపాడు.

“నాలుగేండ్ల నుంచి అందరూ ఇంగొకటి వెయ్యి, ఇంగొకటి వెయ్యి అన్నోళ్లే దాసప్పా. చాలు, ఆపు అన్నోడు ఒక్కడూ లేడు. నువ్వే.”